పుదుచ్చేరి శ్రీమాతయు ఆమె విద్యాలయమును

పుదుచ్చేరి పట్టణమున నటేశన్ నగర్ మొదలగు పేటలనుండి సముద్రపుదిక్కునకు వచ్చు యాత్రికుడు, పరాసువారి కాలమునాటి పాతకాలువను దాటినంతనే మఱొక యూరిలో అడుగుపెట్టినట్లు తలంచును. తిన్నని వీధులు, ఎత్తైన ప్రహరీలు, ప్రహరీలమీదుగా వీధిలోనికి వ్రాలిన కాగితపుపూల గుబురులు. ప్రొద్దుటివేళ ఆ వీధులలో సైకిళ్లపై చదువునకు పోవు బాలబాలికలు గుంపులు గుంపులుగా కనబడుదురు. వారు పోవు విద్యాలయమునందు పట్టాలకొఱకు పరీక్షలు లేవు. అసలు పట్టాలే లేవు. చదువుచెప్పు ఆశ్రమవాసులకు జీతములు లేవు. పెక్కు దేశములవారు, మనదేశమున పెక్కు భాషలవారు అచ్చట కలసి చదువుకొందురు. ఈ విద్యాలయమును స్థాపించి, తన దేహయాత్ర ముగియువఱకు ముప్పదియేండ్లపాటు దానికి అధినేత్రిగా నుండినది ఒక స్త్రీ. ఆమె పుట్టుక పారిస్ నగరమున. లోకమామెను శ్రీమాత యని పిలుచుచున్నది. యానాము పుదుచ్చేరి పాలనలోనిదే గనుక తెలుగువారి కీ పట్టణము పరాయిది కాదు. అయినను శ్రీమాతను యోగినిగా ఎఱిగినంతగా విద్యాలయ నిర్వాహకురాలుగా మనవా రెఱుగరు.

మిర్రా అల్ఫాసా 1878వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన జన్మించెను. తండ్రి మోరిస్ తురుష్కదేశీయుడు, బ్యాంకు వ్యవహారములు నడపువాడు. తల్లి మతిల్డ్ ఈజిప్టుదేశపు ఆడపడుచు. తల్లికి దైవమునందు నమ్మకము లేకున్నను, తన బిడ్డలు లోకమున ఎవరికిని తీసిపోరాదను పట్టుదల మాత్రము మెండు. మిర్రా ఏడేండ్లు వచ్చువఱకు చదువు ముట్టలేదు. ఒకనాడు అన్న మతియో ఇంటికి ప్రకటన కాగితములు తెచ్చి, ఇందేమి వ్రాసియున్నదో చెప్పుమని ఆమెను అడిగెను. చెప్పలేకపోవుట చిన్నతనమై, ఆమె అక్షరములు నేర్పుమని పట్టుబట్టి కొలదిదినములలోనే చదువుట నేర్చెను. పిల్లవానికి తెలిసికొనవలెనను తహతహ పుట్టువఱకు వేచియుండుటయే మంచి ఉపాధ్యాయుని మొదటి పని యని తరువాతికాలమున ఆమె తన ఉపాధ్యాయులకు నేర్పెను. ఆ పద్ధతికి ఈ చిన్ననాటి ముచ్చటయందే వేరున్నదని తలంచుట సాహసము కాబోదు.

యౌవనమున ఆమె చిత్రలేఖనము నభ్యసించెను. పారిస్ కళాప్రదర్శనములందు 1903 మొదలు 1905 వఱకు ఆమె చిత్రములు ఉంచబడినవి. 1897లో హెన్రీ మొరిసే యను చిత్రకారుని వివాహమాడి, మఱుసటి యేట ఆంద్రే యను కుమారుని కనెను. ఆ వివాహబంధము 1908లో వీడిపోయినది. మూడేండ్లకు పాల్ రిషార్ అను తత్త్వజిజ్ఞాసువును ఆమె పెండ్లియాడెను. బాహ్యజీవితమిట్లుండగా, లోపల మఱొక జీవితము నడచుచుండెను. బాల్యమునుండియు కలుగుచుండిన అంతరానుభవములకు అర్థము చెప్పువారు చుట్టుపట్ల ఎవరును లేరు. ఇరువదియేండ్ల ప్రాయమున స్వామి వివేకానందుల రాజయోగ గ్రంథము ఆమె చేతికి వచ్చినది. తన లోపల జరుగుచున్న దానిని వివరించి చెప్పగలవా రొకరున్నారని ఆమె యెఱుగుట అదే మొదలు. కొంతకాలమునకు ఒక భారతీయునివలన భగవద్గీత ఫ్రెంచి అనువాదము దొరకినది. ఆ అనువాదము అంత మంచిది కాకపోయినను ఆమెకు దారి చూపుటకు చాలినది. పిమ్మట అల్జీరియాలోని త్లెమ్‌సెన్ పట్టణమునకు రెండు పర్యాయములు పోయి, మాక్స్ తెయోఁ, ఆయన భార్య ఆల్మా అనువారియొద్ద గుహ్యవిద్య నేర్చెను. ఈ ఘట్టము నిచ్చట పెంచనవసరము లేదు.

మన విషయమునకు దగ్గఱైనది మఱొకటి. 1911, 1912 సంవత్సరములలో పారిస్‌నందలి స్త్రీల ఆలోచనాసమాజ మొకదానియెదుట ఆమె ఉపన్యాసములిచ్చెను. ఆనాటి ఫ్రాన్సుదేశమున స్త్రీకి ఓటు లేదు. వివాహిత తన ఆస్తివిషయమున సైతము భర్తకు లోబడియుండవలెను. అట్టి సభయందు ఆమె ఎంచుకొన్న విషయము హక్కులు గాక, ఆలోచనము. మన తలలో తిరుగు తలంపులలో మనవి యెన్ని, ఇతరులనుండి అరువు తెచ్చుకొన్నవి యెన్ని అని పరిశీలించుకొనుట నేర్పుటకే ఆమె యత్నించెను. బయటి బంధము తెగినను లోపలి బంధము నిలిచియుండినచో స్త్రీకి ఒరుగున దేమియు లేదని అప్పటికే ఆమె నిశ్చయము.

1914 మార్చి 29వ తేదీన ఆమె పుదుచ్చేరి చేరి శ్రీఅరవిందులను దర్శించెను. అంతకు చాలకాలము ముందునుండియే అంతర్దృష్టికి గోచరించుచు, తాను కృష్ణుడని పిలుచుకొనుచుండిన మూర్తి వీరే యని ఆమె గుర్తించెను. ఆ యేడు ఆగస్టు 15న ఆర్య మాసపత్రిక వెలువడినది. అంతలో ఐరోపాయుద్ధము వచ్చిపడగా 1915 ఫిబ్రవరిలో ఆమె ఫ్రాన్సునకు మరలవలసివచ్చెను. పిమ్మట 1916 మొదలు 1920 వఱకు జపానులో నివసించెను. అచ్చట రవీంద్రనాథ ఠాకూరును కలసికొనెను. జపాను స్త్రీలకొఱకు మాతృత్వమును గూర్చియు, యుద్ధకాలమున స్త్రీధర్మమును గూర్చియు ప్రసంగించెను. 1920 ఏప్రిలు 24న తిరిగి పుదుచ్చేరి చేరిన తరువాత ఆమె ఈ నేలను విడిచిపోయినది లేదు. ఆమెవెంట డొరొతి హాడ్జ్‌సన్ అను ఆంగ్లవనిత వచ్చెను. ఆమెకు తరువాత దత్త యను పేరు వచ్చినది. ఆ నవంబరులో గాలివాన వీచి వారున్న ఇంటికప్పు కాఱుచుండగా, శ్రీఅరవిందులు వారిరువురిని తమ యింటికి పిలిపించిరి. పాల్ రిషార్ కొలదికాలమునకే ఈ దేశపు సాధనను విడిచి వెడలిపోయెను.

ఆనాటి ఆ యిల్లు ఆశ్రమము కాదు. కొందఱు పురుషులు కలిసి కాపురముండు తావు; వారిలో పలువురు వంగదేశ విప్లవోద్యమమున పాల్గొన్నవారు. ఏది ఎక్కడ నుండవలెనో, ఎవరు ఏ వేళకు భుజింతురో అడుగువారు లేరు. ఇల్లు దిద్దుటతో ఆమె పని మొదలైనది. చూచువారి కది ఇల్లాలి పనిగానే తోచియుండును. వస్తువును నిర్లక్ష్యముగా వాడువాడు తన మనస్సునుగూడ అట్లే వాడునని ఆమె యెఱుగును. ఈ సంగతి శిష్యులకు తెలియుటకు కొంతకాలము పట్టినది.

1926 నవంబరు 24 సిద్ధిదినము. ఆ పిమ్మట శ్రీఅరవిందులు ఏకాంతమున ప్రవేశించిరి. ఆశ్రమభారమంతయు ఆమెకు అప్పగించిరి. అంతవఱకు మిర్రా యనబడిన ఆమెను వారే మాతయని వ్యవహరించుట మొదలిడిరి. అప్పటికి ఆశ్రమమున నున్నవారు పాతికమందికి మించరు. ఆ కొలదిమందిలోనే అందఱి మనస్సులును ఒక్కతీరున లేవు. గురువు ముందు కూర్చుండి సంభాషణములు విన్నవారికి ఇప్పుడు గురుదర్శనమే కఱవైనది. ఆ గురువు స్థానమున తమను నడపుటకు వచ్చినదా, స్త్రీ! అందులోను ఐరోపాకాంత! మన దేశము పరదేశీయుల ఏలుబడినుండి బయటపడుటకై పెనగులాడుచున్న కాలమది. వారిని తప్పుపట్టుట సులభమే. కాని శక్తిని పూజించు దేశమున పుట్టియు, శక్తి మానవీరూపమున వచ్చి ఆజ్ఞ యిచ్చినప్పుడు తల యొగ్గలేకపోవుట వారియందే యున్న బలహీనత కాదు. కొందఱు ఇమిడిరి, కొందఱు వెడలిపోయిరి.

ఆ సమయమున శ్రీఅరవిందులు నడచుకొన్న తీరు విద్యాలయములను, సంస్థలను స్త్రీల చేతిలో పెట్టువారందఱును గమనింపదగినది. అధికారము ఇచ్చి, వెనుక తలుపు తెఱచియుంచుట లోకమున పరిపాటి. ఆమె ఒక నిర్ణయము చేయగనే పెద్దాయనయొద్దకు పోయి దానిని మార్పించుకొందమని ఎదురుచూచువా రెక్కడనైన నుందురు. పెద్దాయనయు మొగమాటమున మార్చును. అంతటితో ఆ స్త్రీ అధికారము పేరునకు మాత్రమే మిగులును. శ్రీఅరవిందులు ఆ తలుపును మూసిరి. ఆమెను తప్పించి తమను చేరుటకు దారి లేదనియు, ఆమె చైతన్యమును తమ చైతన్యమును వేఱు కావనియు శిష్యులకు పలుమాఱులు తెలిపిరి. 1930 మొదలు ఎనిమిదేండ్లపాటు రాత్రులెల్ల మేలుకొని వారు శిష్యులకు వ్రాసిన వేలకొలది లేఖలలో ఈ విషయమున ఎన్నడును మాట మార్చినది లేదు. 1928లో వెలువడిన వారి మాత యను చిన్నపుస్తకమున మహేశ్వరి, మహాకాళి, మహాలక్ష్మి, మహాసరస్వతి యను నాలుగు శక్తులు వర్ణింపబడినవి. అది సాధనగ్రంథమే. ఆశ్రమమున ఎవరి మాట చెల్లునో తేల్చిచెప్పిన పత్రముగాకూడ ఆనాటి శిష్యులకు అది ఉపకరించినది.

ఈ పత్రిక చదువరులకు ఇచ్చట మఱొక పరదేశపుత్రిక స్ఫురించుట సహజము. 1898 నవంబరు 13వ తేదీన, కాళీపూజ దినమున, కలకత్తా బాగ్‌బజారు పేటయందు సోదరి నివేదిత బాలికాపాఠశాల తెఱచినప్పుడు శ్రీశారదాదేవి స్వయముగా వచ్చి పూజ చేసిరి. స్వామి వివేకానందులు దగ్గఱ నుండిరి. ఇరుగుపొరుగువారు తమ ఆడపిల్లలను ఒక మ్లేచ్ఛకాంతయొద్దకు పంపుటకు జంకుచుండిన ఆ దినములలో, సంప్రదాయము మూర్తీభవించిన శారదాదేవి ఆ గుమ్మము త్రొక్కుటకంటె వేఱు అండ ఏమి కావలెను? కాలము, స్థలము వేఱైనను, ఈ యిరువురు స్త్రీల పని నిలద్రొక్కుకొనుటకు కారణ మొక్కటియే. అప్పగించినవారు అప్పగించి ఊరకుండలేదు. పదిమంది యెదుట వారి ప్రక్కన నిలిచిరి.

అండ దొరకినంతమాత్రమున పని జరుగదు. శ్రీమాత ఉదయమునుండి రాత్రివఱకు పాటుపడిరి. రొట్టెలశాల, పాలశాల, తోటలు, చాకిరేవు, వడ్రంగము, కట్టడములు ఒకదానివెంట నొకటి ఏర్పడినవి. ప్రతిశాఖనుండియు ప్రతిదినము ఒక పుస్తకము ఆమెయొద్దకు వచ్చును. అందు వ్రాసిన లెక్కలు, ప్రశ్నలు, తగవులు అన్నియు చదివి ఆమె తమ చేతితో జవాబు వ్రాయుదురు. 1942 నాటికి ఆశ్రమవాసుల సంఖ్య 350 దరిదాపునకు పెరిగినది. అమెరికా అధ్యక్షుడు విల్సన్ కుమార్తె మార్గరెట్ 1938లో వచ్చి, నిష్ఠ యను పేరు పొంది, 1944లో అచ్చటనే దేహము చాలించెను.

తెలుగువారికి తెలియవలసిన కట్టడ మొకటి ఆ కాలముననే లేచినది. హైదరాబాదు సంస్థానమున ఉన్నతపదవి నధిష్ఠించిన సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాము ప్రభుత్వమునుండి లక్షరూపాయలు విరాళము వచ్చెను. ఆ కృతజ్ఞతకు గుర్తుగా సాధకుల వసతిగృహమునకు గోల్కొండ యను పేరు పెట్టబడినది. చెక్‌దేశమున పుట్టి టోక్యోలో నివసించుచుండిన ఆంటొనిన్ రేమండ్ దానికి పటము గీసెను. మనదేశమున బలపఱచిన కాంక్రీటుతో కట్టిన తొలి ఆధునిక భవనములలో అది యొకటి. దాని నిర్వహణమును శ్రీమాత మోనా పింటో యను ఆంగ్లవనితకు అప్పగించిరి. ఆమె దశాబ్దులపాటు దానిని నడిపెను. తలుపుల పలకలు మొదలు గోడకు కొట్టు మేకువఱకు ప్రతిదానిని ఎట్లు తుడువవలెనో, ఎట్లు కాపాడవలెనో శ్రీమాత కూర్చుండబెట్టి నేర్పిరి. నేర్పిన పిమ్మట ఆ గృహమున ఆమె మాటయే చెల్లునట్లు చూచిరి. తాను పొందిన విశ్వాసమును శ్రీమాత ఆ విధముగానే ఇతర స్త్రీలకు అందించిరి.

విద్యాలయము ముందు వేసికొన్న పథకమువలన పుట్టినది కాదు. అప్పటివఱకు ఆశ్రమమున పిల్లలకు చోటు లేదు. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. తూర్పుతీరమంతయు గడగడలాడినది. విశాఖవాసులు పెట్టె బేడ సర్దుకొని లోపలి పల్లెలకు తరలిన ఆ దినములను పెద్దలు చాలకాలము చెప్పుకొనెడివారు. వంగదేశమునుండియు ఇతర ప్రాంతములనుండియు భక్తులు తమ కుటుంబములతో పుదుచ్చేరికి వచ్చి శరణు వేడిరి. వారిని త్రోసిపుచ్చుట సాధ్యము కాదు. చేర్చుకొన్నచో ఆశ్రమనియమము నిలువదు. శ్రీమాత నియమమును వదలి పిల్లలను చేర్చుకొనిరి. పిల్లలు వచ్చిన పిమ్మట చదువు చెప్పకుండుట యెట్లు? 1943 డిసెంబరు 2వ తేదీన ఇరువదిమంది పిల్లలతో పాఠశాల తెఱువబడినది. అప్పటికి ఆమెకు 65 ఏండ్లు నిండినవి. ఉద్యోగులు విశ్రాంతి కోరు ఆ వయస్సున ఆమె తామే ఫ్రెంచిపాఠములు చెప్పుటకు పూనుకొనిరి.

మొదటినుండియు బాలురకు, బాలికలకు ఒక్కటే చదువు. కుట్టుపని బాలికలకు, గణితము బాలురకు అను విభజన లేదు. దీనికి పెద్దగా ఎదురుచెప్పినవారు లేరు. 1945లో వ్యాయామశిక్షణ మొదలైన పిదపనే అసలు పరీక్ష వచ్చినది. పరుగు, దూకుడు, ఈత, కసరత్తు బాలురతో సమానముగా బాలికలకును నిర్ణయింపబడినవి. చీరతోను, పరికిణీతోను ఈ వ్యాయామములు సాగవు. 1940ల చివర శ్రీమాత బాలికలకుకూడ పొట్టి నిక్కరు, చొక్కా ఏర్పాటు చేసిరి. ఆశ్రమమున బ్రహ్మచర్యమేమి, ఈ వేషమేమి యని పలువురు చెవులు కొఱుకుకొనిరి. యోగాశ్రమము క్రీడాస్థలమైనదని నొచ్చుకొన్న సాధకులును కలరు. ఆ కాలపు తల్లిదండ్రుల కలవరము అర్థము చేసికొనదగినదే. ఎదిగిన కూతురు వీధిగుమ్మమున నిలుచుటకే నియమము లున్న ఇండ్లనుండి వచ్చినవారు వారు. అయినను శ్రీమాత వెనుకకు తగ్గలేదు. శరీరము నిందింపదగినది కాదు, అజ్ఞానమున వదలివేయదగినదియు కాదు. స్త్రీ బలహీనురాలను భావమును లోకము ఆమె మెదడులో నాటినందువలననే శరీరము దానిని నిజము చేసి చూపుచున్నది. చిన్ననాటినుండి మఱొక భావమును నాటినచో శరీరము దానినికూడ నిజము చేయును. ఇది ఆమె పక్షము. తామును ప్రతిసాయంకాలము టెన్నిసు ఆడుచుండిరి. 80వ యేట అనారోగ్యము కలుగువఱకు ఆ యాట మానలేదు. మాటతో కాక నడవడితో జవాబు చెప్పినందున గుసగుసలు క్రమముగా అణగిపోయినవి.

1949లో, ముప్పదియేండ్లకు పైబడిన ఎడబాటు పిమ్మట, కుమారుడు ఆంద్రే ఆమెను చూడవచ్చెను. విడిచివచ్చునాటికి బాలుడు, ఇప్పుడు నడివయస్సు దాటినవాడు. వందలమంది మాతయని పిలుచు ఆమె, కన్న బిడ్డను అంతకాలము చూడకయుండెను. దీనిని త్యాగమందురో, మఱేమందురో పాఠకులే తలపోయదగును. ఆయన తరువాతను వచ్చుచు, ఆమె పనిలో చేయి కలుపుచుండెను.

1950 డిసెంబరు 5న శ్రీఅరవిందులు దేహము చాలించిరి. అంతకు రెండేండ్లముందు, 1948 డిసెంబరులో, కట్టమంచి రామలింగారెడ్డిగారి పూనికపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి జాతీయబహుమానము సమర్పించియుండెను గనుక తెలుగుదేశమున ఈ వార్త పలువురిని కలచివేసినది. ఇక ఆశ్రమము నిలుచునా యని లోలోపల శంకించినవారే అధికము. తలుపు మూసి అండగా నిలిచిన మహాపురుషుడు ఇప్పుడు లేడు. పండ్రెండుదినములు ఆశ్రమకార్యములు ఆగినవి. పదుమూడవదినమున అన్నియు యథావిధిగా మొదలైనవి. ఇరువదినాలుగేండ్లుగా ఆమె చేతిలో నున్నది పేరునకిచ్చిన అధికారమే యైనచో అది ఆ పండ్రెండుదినములలో చెదరిపోవలసినది. చెదరలేదు. 1951 ఏప్రిలు 24న డాక్టరు శ్యామాప్రసాద ముఖర్జీ అధ్యక్షతను సభ కూడి, శ్రీఅరవిందుల స్మృతిగా అంతర్జాతీయ విశ్వవిద్యాలయ కేంద్రము స్థాపింప నిశ్చయించినది. 1952 జనవరి 6న శ్రీమాత దానిని ప్రారంభించిరి. 1959లో దాని పేరు శ్రీఅరవింద అంతర్జాతీయ విద్యాకేంద్రమని మార్చబడినది. దుర్గాబాయి దేశముఖ్ అధ్యక్షురాలుగా నుండిన జాతీయ స్త్రీవిద్యాసంఘము తన నివేదికను సమర్పించినదియు ఆ యేడే.

అంతర్జాతీయమను మాట శ్రీమాతకు అలంకారము కాదు. జెనీవానగరమున 1924లో నానాజాతిసమితి ఉద్యోగుల పిల్లలకై అంతర్జాతీయ పాఠశాల ఏర్పడియుండెను. అచ్చటను 1929 మొదలు ఇరువదియేండ్లు మేరీ తెరేజ్ మోరెట్ అను స్త్రీయే అధినేత్రి. యుద్ధమునకు వెరచిన లోకమున పిల్లలకు శాంతి నేర్పుట ఆమె లక్ష్యము. శ్రీమాత లక్ష్యము మఱికొంత లోతునకు పోవును. ప్రతిజాతికిని ఒక ఆత్మ యున్నదనియు, పిల్లవాడు తన జాతి ఆత్మను ఎఱిగిన పిమ్మటనే ఇతరజాతుల ఆత్మను ప్రేమింపగలడనియు ఆమె తలంపు. అందుచేత మాతృభాషకును, సంస్కృతమునకును చోటిచ్చి, గణితము, విజ్ఞానశాస్త్రములు ఫ్రెంచిలోను, ఇతర విషయములు పెక్కు ఇంగ్లీషులోను బోధింప ఏర్పాటు చేసిరి. 1950 మొదలు ఆమె వ్రాసిన వ్యాసములలో విద్య ఐదువిధములు: శారీరకము, ప్రాణసంబంధి, మానసికము, చైత్యము, ఆధ్యాత్మికము. తైత్తిరీయమున అన్నమయాదికోశముల సంగతి చదివినవారికి ఈ క్రమము క్రొత్తగా తోచదు. పాఠశాలలో దినచర్యగా మార్చుటయే క్రొత్త.

పట్టా లీయరాదను నిర్ణయము ఆమెకు ఎక్కువ తలనొప్పి తెచ్చినది. పట్టా లేనిదే గుమాస్తా ఉద్యోగమైన దొరకని దేశమిది. ఉపాధ్యాయులలోను, తల్లిదండ్రులలోను కొందఱు మనస్సు మార్చుకొనుమని వేడుకొనిరి. చదువు చదువుకొఱకు గాక కాగితముకొఱకు సాగిననాడు తాను కట్టిన దంతయు కూలునని ఆమె అంగీకరింపలేదు. దీనివలన బయటికి పోయిన విద్యార్థులకు ఇబ్బంది కలుగలేదనుట నిజము కాదు. ఆ యిబ్బందిని ఎఱిగియే ఆమె ఆ నిర్ణయము చేసిరి. ఆ విద్యాలయము నేటికిని దానిని పాటించుచున్నది.

సంస్థాపనమున స్త్రీలకు పీఠము వేయవలెనని ఆమె లెక్కలు కట్టి పదవులు పంచలేదు. విద్యాకేంద్రమునకు సంచాలకుడు పవిత్ర యనబడిన ఫిలిప్ బార్బియే సెంత్ హిలేర్; పారిస్ పోలిటెక్నిక్‌లో చదివిన ఇంజనీరు, 1969లో దేహము చాలించువఱకు ఆ పనిలో నుండెను. పురుషుడు స్త్రీ ఆజ్ఞకు లోబడి, చిన్నతనమను తలంపు లేకుండ పనిచేయగలడనుటకు ఆయనయే నిదర్శనము. 1955లో స్త్రీసమస్యను గూర్చి వ్రాయుచు శ్రీమాత ఉభయులను సమానముగా మందలించిరి. పురుషుని బలముపై మోజు, ఇల్లు నిలుకడయను కోరిక, మాతృత్వముపై మమకారము స్త్రీని కట్టివేయుచున్నవి. అధికారముపై మోజు, స్త్రీతో సంబంధమునకై తహతహ, గృహసౌఖ్యములపై తగులము పురుషుని కట్టివేయుచున్నవి. ఈ దాస్యములు లోపలినుండి తెగువఱకు శాసనములవలన విడుదల పూర్తి కాదని ఆమె భావము. స్త్రీలకు పూర్తి మాతృత్వమహిమను బోధించు మన పెద్దలలో కొందఱికి ఇది రుచింపకపోవచ్చును. కాని వాదములో గెలుపుకొఱకు ఆమె ఈ మాట చెప్పలేదు. తాను దాటివచ్చిన దారిని చెప్పిరి.

పిల్లలతో సాయంకాలపు తరగతులు 1950లో మొదలై, 1958 చివర ఆగినవి. ఆటస్థలమున నేలపై కూర్చున్న పిల్లలు తోచిన ప్రశ్న అడుగుదురు. ఆమె ఫ్రెంచిలో జవాబు చెప్పుదురు. 1962లో తీవ్రమైన అస్వస్థత కలిగినది మొదలు ఆమె తమ గదిని విడిచి వచ్చుట అరుదైనది. గదినుండియే ఉపాధ్యాయుల పుస్తకములు చూచుచు, పిల్లల జన్మదినములకు ఆశీస్సు లిచ్చుచుండిరి. 1968 ఫిబ్రవరి 28న పుదుచ్చేరికి కొలదిదూరమున ఆరోవిల్ నగరమునకు ప్రారంభోత్సవము జరిగినది. 124 దేశముల మట్టిని యువతీయువకులు తెచ్చి ఒక కలశమున పోసిరి. అప్పుడు 90 ఏండ్లు దాటిన శ్రీమాత గదిలో కూర్చుండియే ఆ నగరపు ఒడంబడికను చదివిరి. అది ధ్వనివిస్తారకములద్వారా సభకు వినిపించినది.

1973 నవంబరు 17వ తేదీ సాయంకాలము ఏడుగంటల యిరువదియైదు నిమిషములకు ఆమె దేహము చాలించిరి. అప్పటికి వయస్సు 95 ఏండ్లు. 20వ తేదీన ఆశ్రమప్రాంగణములోని చెట్టునీడను, శ్రీఅరవిందుల సమాధియందే ఆమె దేహమునుకూడ ఉంచిరి. పండ్రెండుదినములకు డిసెంబరు 2 వచ్చినది. అది పాఠశాల పుట్టినదినము. ఏటేట ఆ దినమున క్రీడాస్థలమున బాలబాలికలు ఒకేతీరు దుస్తులతో వరుసలు తీర్చి, తాము నేర్చిన వ్యాయామవిద్యను పెద్దలయెదుట ప్రదర్శించుట అచ్చటి ఆచారము.